చెరువు లేనివాడి మొర

నేను భీమవరం కాపురస్తుణ్ణి. నాకు సెంటు రొయ్యల చెరువు లేదు. ఉన్నదల్లా ఓ డాబా, దాని మీద అద్దెకిచ్చిన వాటా, నెలనెలా పెన్షను. అయినా వాషింగ్టన్‌లో సంతకం పడితే నా పైవాటా అద్దె ఆగిపోతోంది. ఇదెక్కడి న్యాయమో పెద్దలు విచారించాలి.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. మనం రష్యా చమురు కొంటున్నామని అలిగి, అదే నెల 27న ఇంకో 25 వడ్డించింది. చమురు కొన్నవి కంపెనీలు, తాగినవి లారీలు, దెబ్బ తిన్నది అమెరికాకి పోయే మన రొయ్య. పైవాటాలో ఉండేది రొయ్య మేత డీలరు. ‘‘అరువులు వసూలు కావట్లేదు బాబాయ్‌గారూ, పట్టుబడి అయ్యాక చూద్దాం’’ అంటాడు. ఎవరి పట్టుబడో చెప్పడు.

అసలీ వనామీ రొయ్య మన పిల్లే కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. తెల్లమచ్చ జబ్బుతో టైగర్ రొయ్య కుదేలయ్యాక, 2009లో కేంద్రం సరేనంటే మన చెరువుల్లో దిగింది. ఇప్పటికీ తల్లిరొయ్యలు అమెరికా నుంచి విమానమెక్కి వచ్చి, చెన్నైలో క్వారంటైన్ ముగించుకుని మరీ హేచరీలకు చేరుతుంటాయి. అలాంటిది, పుట్టింటికి బయల్దేరిన ఆడపిల్లని గుమ్మంలో ఆపి 2025లో సగం సొమ్ము లాక్కున్నారే, అదేం మర్యాద? ఈక్వెడార్ రొయ్యకి అప్పుడు 15 శాతమేనట!

మన ప్రభుత్వమూ తక్కువ తినలేదు. ఆక్వా జోన్ చెరువులకు కరెంటు యూనిట్ రూపాయిన్నర. రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి, రొయ్యకి ఊపిరాడాలి. నా ఫ్యానుకి మాత్రం పూర్తి రేటు. అయినా వద్దనలేను. ఈ ఊళ్ళో బంగారం కొట్లూ కల్యాణమండపాలూ కూడా ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. నా ఏడుపల్లా ఒకటే: పంటంతా ఒకే రొయ్య, పెద్ద బేరమంతా ఒకే దేశంతో. ఇన్నేళ్లూ సబ్సిడీలు పంచినవాళ్లు, రొయ్యని హైదరాబాద్, ఢిల్లీ కంచాల్లోకి చేర్చే సంగతి సుంకం పడ్డాక గానీ గట్టిగా ఎత్తలేదు.

పోనీ, ఎగుమతి తగ్గితే మనకైనా చవకవుతుందని సంచీ పట్టుకుని మార్కెట్‌కి వెళ్లాం. ‘‘చెరువు గట్టున కిలోకి వంద తూగే రొయ్య ధర పడిపోయిందటగా?’’ అంది మా ఆవిడ. అమ్మే ఆమె తక్కెడ మీంచి చూపు తిప్పకుండా, ‘‘గట్టు మీద పడితే గట్టు మీదే కొనుక్కోండమ్మా, నా ఐసు రేటు పడలేదు’’ అంది.

అరకిలో తీసుకున్నాం. ఒలిచినందుకు విడిగా పుచ్చుకుంది. అదెంత శాతం పడిందో లెక్కగట్టే ధైర్యం చెయ్యలేదు.