ఆ ఖాళీ డైరెక్టరీలో ఏం పోశానంటే

ఒక ప్రోగ్రామ్‌ను డెబియన్ ప్యాకేజీ చేద్దామని కూర్చున్నాను. రిలీజ్ పేజీలో టార్‌బాల్ కనబడగానే సోర్స్ మొత్తం చేతికొచ్చేసిందనుకున్నాను. విప్పితే ఒక డైరెక్టరీ ఖాళీ. ఎందుకు ఖాళీగా ఉందని ఆగి అడగలేదు. హెడర్ ఫైల్ దొరకలేదని కంపైలర్ మొరాయిస్తే, ఆ హెడర్ ఉన్న లైబ్రరీ రిపో వెతికి, మెయిన్ బ్రాంచ్‌లో ఆ రోజు ఏముంటే అది తెచ్చి అందులో పోశాను. బిల్డ్ అయిపోయింది. ఇక అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకోవడం కన్నా తెలివితక్కువ పని నేను చేసి ఉండను.

ఆ ఖాళీ డైరెక్టరీ ఒక సబ్‌మాడ్యూల్. సబ్‌మాడ్యూల్ సంగతి నాకు తెలియనిదా! గిట్‌లో తల్లి రిపో పిల్ల రిపో కోడ్‌ను తన దగ్గర ఉంచుకోదు. ఫలానా కమిట్ కావాలని 40 అక్షరాల హ్యాష్ ఒకటి దాచుకుంటుందంతే. అది ఏ చిరునామాలో దొరుకుతుందో గిట్‌మాడ్యూల్స్ ఫైల్లో ఉంటుంది. టార్‌బాల్ కట్టే గిట్ ఆర్కైవ్ పిల్ల రిపోల జోలికి పోదు. గిట్‌హబ్ తనంతట తాను ఇచ్చే సోర్స్ టార్‌బాల్ కూడా అంతే. చిరునామా ఫైలైతే అందులో వస్తుంది, ఏ కమిట్ కావాలో చెప్పే హ్యాష్ రాదు. అంటే నా చేతిలో ఉన్నదాన్ని ఎంత తిరగేసినా సరైన కోడ్ ఏదో తేలేది కాదు. అసలు రిపోకి వెళ్లి ఆ ట్యాగ్ దగ్గర చూడాలి. అక్కడికి నేను వెళ్లలేదు.

ప్రోగ్రామ్ రచయిత పరీక్షించిన ప్రోగ్రామ్-లైబ్రరీ జత ఒకటి, నేను కట్టిన జత ఇంకొకటి. దానికి ఆయన రిలీజ్ నంబరే తగిలించి జనానికి ఇచ్చాను. ఎవరికో క్రాష్ అయితే ఆ రిపోర్టు ఆయనకే పంపాను. పాపం, తన కోడ్‌లో లేని తప్పు కోసం తన కోడంతా వెతుక్కున్నాడు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ సిగ్గుతో ముడుచుకుపోతాను.

పైగా ఆ లైబ్రరీ డెబియన్‌లో విడి ప్యాకేజీగా ఉండనే ఉంది. ప్యాకేజీ లోపల ఇలాంటి నకళ్లు వాడొద్దని డెబియన్ పాలసీ ఊరికే చెప్పలేదు. 2002లో జెడ్‌లిబ్ అనే లైబ్రరీలో డబుల్ ఫ్రీ లోపం బయటపడ్డప్పుడు, దాన్ని తమలో కలిపేసుకున్న ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా వెతికి బాగుచేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ట్యాగ్ దగ్గర క్లోన్ చేసి, పిల్ల రిపోల్లోని పిల్ల రిపోల దాకా సబ్‌మాడ్యూల్ స్టేటస్ చూస్తున్నాను. డెబియన్‌లో ఉన్నవాటిని తీసేసి, లేనివాటిని అదే కమిట్ దగ్గర విడి టార్‌బాల్స్‌గా కడుతున్నాను. తర్వాతి వెర్షన్ ఛేంజ్‌లాగ్‌లో జరిగింది రాశాను: పాత ప్యాకేజీలోని లైబ్రరీ కోడ్ రచయిత ఎంచుకున్నది కాదు, ఆ క్రాష్ నేను చేసినది.