మురుగుకాలువ బాగుచేయించుకొను విధానం

మీ వీధి కాలువ పూడిపోయింది. కుళాయి నీళ్ల రంగు మారింది. పొలం పక్క డ్రెయిన్‌లో గుర్రపుడెక్క అల్లుకుపోయింది. ఆవేశపడకండి. ఒక్కో మెట్టే ఎక్కండి. పైన తలుపు ఉంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

మొదటి మెట్టు: కాలువ ఎవరిదో తేల్చుకోండి. బందరులో అయితే కార్పొరేషన్, గుడివాడలో మున్సిపాలిటీ, నాగాయలంకలో పంచాయతీ. ఊరు దాటారా, నీళ్లు తెచ్చే కాలువ ఇరిగేషన్ వాళ్లది, తీసుకుపోయేది డ్రైనేజీ వాళ్లది. ఈ తేడా గుర్రపుడెక్కకు తెలియదు. పులిగడ్డ అక్విడక్టు మీదుగా ఏకంగా కృష్ణనే దాటి దివిసీమకు వచ్చిన నీరు, చివరి ఆయకట్టు దగ్గర ఈ గుర్రపుడెక్కను దాటలేక ఆగిపోతుంది.

రెండో మెట్టు: సోమవారం బందరు కలెక్టరేట్‌కు వెళ్లండి. అక్కడ అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ఒకప్పుడు స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. పేరు మారినా వారం మారలేదు. అర్జీ సంగతి ఎలా ఉన్నా, తిరుగు బస్సులో బందరు లడ్డు చేతిలో ఉంటుంది.

మూడో మెట్టు: అర్జీలో ఊరి కష్టాలన్నీ కలిపి రాయండి. ‘పరిశీలించబడును’ అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. ఫలానా తూము నుంచి ఫలానా మలుపు దాకా వంద గజాల పూడిక అని మాత్రం రాయకండి. ఎవరో ఒకరు టేపు పట్టుకుని రావాలి. కొలిస్తే ఎస్టిమేట్ వేయాలి. పాపం, ఎంత శ్రమ!

నాలుగో మెట్టు: ఓపిక పట్టండి. బందరు పోర్టుకు 2008లో ఒక శంకుస్థాపన, 2019లో మరొకటి, 2023లో ఇంకొకటి జరిగాయి. సముద్రం ఎక్కడికీ పోలేదు. మీ కాలువలో నీళ్లూ ఎక్కడికీ పోవు.

ఐదో మెట్టు: సమాచార హక్కు జోలికి పోకండి. 2005 నాటి ఆ చట్టం మహా మొండిది. ‘నా అర్జీ ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉంది?’ అని ఒక్క ప్రశ్న వేస్తే 30 రోజుల్లో జవాబు చెప్పాలంటుంది. ఆ జవాబు రాయడానికైనా ఎవరో ఒకరు మీ ఫైలు తెరవాల్సి వస్తుంది.

ఆరో మెట్టు: తెల్లవారుజామున చల్లపల్లి వైపు వెళ్లకండి. అక్కడ స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు 2014 నుంచి చీపుర్లు పట్టి, రోజుకొక రోడ్డు ముక్క శుభ్రం చేస్తూ, మొక్కలు నాటుతూ కనిపిస్తారు. చూస్తే మీకూ చేతులు ఊరుకోవు. పొక్లెయిన్ చేయాల్సిన పని చీపురు చేయలేదని వాదించండి. నిజమే. అందుకే వీధి ఊడ్చినవాడే పొక్లెయిన్ ఏదని గట్టిగా అడగగలడు. అదే అసలు ప్రమాదం.

చివరి మెట్టు: ఖర్మకాలి ఆ వంద గజాలూ బాగుపడితే గుట్టుగా ఉంచండి. తెలిసిందంటే పక్క వీధివాళ్లు మీ అర్జీ నకలు అడుగుతారు. వాళ్లూ కొలతలు, తేదీలు వేసి రాయడం నేర్చుకుంటే, ‘పరిశీలించబడును’ అన్న మాటతో ఇన్నేళ్లూ నెట్టుకొచ్చిన వాళ్ల గతేం కావాలి?