అరికాలికి ఎలుగుతోలు

1991 సెప్టెంబరు 19. ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులో ఆల్ప్స్ కొండల మీద, 3,210 మీటర్ల ఎత్తున, దారి వదిలి నడుస్తున్న జర్మన్ దంపతులకు కరుగుతున్న మంచులో ఒక మనిషి వీపు కనిపించింది. ఈమధ్యే పోయిన పర్వతారోహకుడెవరో అనుకున్నారు. పరీక్షిస్తే అతను పోయి ఐదువేల ఏళ్లు దాటిందని తేలింది. పక్కనే విల్లు, అంబులపొది, రాగి గొడ్డలి ఉన్నాయి. అతనికి ఓట్సీ అని పేరు పెట్టారు. పాపం, మంచుతుపానులో చిక్కి చలికి ప్రాణం విడిచాడని చాలామంది అనుకున్నారు.

కానీ అతని బట్టలు చూసినకొద్దీ ఆశ్చర్యమే. తలకు ఎలుగుబంటి బొచ్చు టోపీ, ఊడిపోకుండా గడ్డం కింద కట్టుకునే తోలుపట్టీ. ఒంటికి మేకతోలు, గొర్రెతోలు ముక్కలు కలిపి కుట్టిన కోటు. కాళ్లకు మేకతోలు తొడుగులు. వాటి అంచున దుప్పితోలు పట్టీ ఉంది. దాన్ని జోడుకు బిగిస్తే తొడుగు పైకి జరగదు, మంచు లోపలికి దూరదు.

ఇక జోళ్లు. అడుగున ఎలుగుతోలు, పైన దుప్పితోలు, లోపల చెట్టునారతో అల్లిన వల. ఆ వలకూ తోలుకూ మధ్య ఎండుగడ్డి కూరాడు. గడ్డి పోచల నడుమ నిలిచిన గాలే పాదానికి వెచ్చదనం. అడుగున అడ్డంగా కట్టిన తోలుపట్టీ వల్ల మంచు మీద కాలు జారదు. చెక్ దేశపు పాదరక్షల నిపుణుడు పీటర్ హ్లావాచెక్ అచ్చం అలాంటి జోళ్లే తయారు చేశాడు. వాటిని తొడుక్కుని కొండలెక్కి చూస్తే పాదాలు వెచ్చగా ఉన్నాయి, బొబ్బలు లేవు, పట్టు చక్కగా కుదిరింది. ఈనాటికీ మంచుకొండల్లో వేటకు వెళ్లేవాళ్లు వెతుక్కునేవి ఈ గుణాలే. ఏ జంతువు తోలు ఒంట్లో ఏ చోటికి పనికొస్తుందో అంత బాగా తెలిసినవాణ్ణి చలి ఎలా చంపింది?

పదేళ్ల పాటు శరీరాన్ని ఎందరో శాస్త్రవేత్తలు పరిశీలించారు. 2001లో ఇటలీలోని బోల్జానోలో తీసిన ఎక్స్‌రేలో జవాబు దొరికింది. ఎడమ భుజంలో ఒక చెకుముకిరాతి ములికి ఉంది. వెనకనుంచి దూసుకొచ్చిన బాణం పెద్ద రక్తనాళాన్ని తెంచేసింది. నిమిషాల్లోనే నెత్తురంతా పోయి ఉండాలి.

మంచుకు, గాలికి, రాళ్లకు అన్నిటికీ సిద్ధపడి కొండెక్కాడు ఓట్సీ. అతన్ని వేటాడింది సాటి మనిషి. పదేళ్లు ఆ నింద మోసిన చలే, చంపినవాడి బాణాన్ని ఐదువేల ఏళ్లు చెక్కుచెదరకుండా కాపాడి సాక్ష్యం చెప్పింది.