ఔలీ నుంచి ఇస్కపల్లి దాకా

మేం ఇద్దరం. మాట్లాడేది మాత్రం నేను, ఎడమ కాలిదాన్ని. పుట్టినప్పుడు మాలో కుడీ ఎడమా లేదు, అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాం. ఔలీలో అద్దె కొట్టాయన నా ముక్కు మీద తెల్లరంగుతో చుక్క పెట్టి “ఇది ఎడమది” అన్నాడు. ఇక అప్పట్నుంచీ నా కుడివైపు అంచే అరుగుతూ వచ్చింది. స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు బ్రేకు వేసేది లోపలి అంచుల మీదే మరి.

ఇప్పుడు మా కాపురం నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇస్కపల్లిలో. ఉప్పు కొఠార్ల పక్కనున్న రేకుల షెడ్డులో పారలు, గోనె సంచులు పడేసే మూల రెండు మేకులకు వేలాడుతున్నాం. ఔలీలో ఉన్నప్పుడు సాయంత్రం ఒక గుడ్డతో తుడిస్తే పోయే తుప్పు ఇక్కడ వారం తిరక్కుండానే ఎర్రటి పొలుసులు కడుతుంది. సముద్రపు గాలికి ఉక్కంటే అంత ఇష్టం.

మేం పుట్టింది ఆస్ట్రియాలో. కడుపులో పొరలు పొరలుగా అతికించిన చెక్క, దానికి పైనా కిందా గాజునార, అడుగున నల్లటి పాలిథీన్ పలక, రెండు పక్కలా సన్నటి ఉక్కు పట్టీ. ముక్కూ తోకా వెడల్పు, నడుము సన్నం. ఈ నడుము సోకు 1990లలో వచ్చిందే. అంతకు ముందు మా పెద్దలు తిన్నగా, మనిషి కంటే పొడుగ్గా ఉండేవాళ్లు, వాళ్లను మలుపు తిప్పాలంటే ఏళ్ల సాధన కావాలి. మమ్మల్ని కాస్త పక్కకు వాలిస్తే చాలు, ఆ వంపే తిప్పుకుపోతుంది. రెండు మూడేళ్లు అక్కడి పిల్లలు తొక్కాక పాత సరుకు కింద లెక్కగట్టి ఇండియాకు అమ్మేశారు.

ఔలీ అంటే ఉత్తరాఖండ్‌లో, చమోలీ జిల్లాలో, జోషీమఠ్ నెత్తిన ఉన్న పచ్చిక వాలు. ఇంచుమించు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. బదరీనాథ్ గుడి చలికాలం మూసినప్పుడు పూజలు జరిగేది జోషీమఠ్ నరసింహస్వామి ఆలయంలోనే కాబట్టి, ఆ ఊరి పేరు తెలుగువాళ్లలో యాత్రలకు పోయినవాళ్లందరికీ తెలుసు. పెంచలకోన నరసింహుడికి మొక్కుకునే నెల్లూరువాళ్లకు ఇంకా దగ్గర. కాకపోతే వాళ్లంతా వచ్చేది ఎండాకాలం. చలికాలంలో అక్కడికి పోయేది ఐటీబీపీ జవాన్లు, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ నడిపే 7 రోజుల, 14 రోజుల కోర్సుల కుర్రాళ్లు, ఫొటోల జనం.

ఈ ఫొటోల జనం గురించి ఒక మాట చెప్పుకోవాలి. అద్దె ఓవర్‌కోటు, అద్దె గమ్‌బూట్లు వేసుకుని వస్తారు. మమ్మల్ని చెరో చేత్తో పట్టుకుని నందాదేవి కేసి తిరిగి నిలబడి ఫొటో తీయించుకుని పది నిమిషాల్లో తిరిగిచ్చేస్తారు. కొట్టాయనకు గంట లెక్కన చూస్తే వాళ్ల మీదే లాభం. నాకు మాత్రం వాళ్లంటే చిరాకు. మంచు తగలకుండా తిరిగొచ్చిన స్కీ, మీసాలకు సంపెంగ నూనె రాసుకుని ఇంట్లో కూర్చున్న మగాడూ ఒకటే.

చిన్న కొండ రిసార్టు బతుకంతా ఎదురుచూపే. నవంబరులో కొట్టు దులుపుతారు, డిసెంబరులో మాకు మైనం ఇస్త్రీ చేస్తారు. ఇస్త్రీపెట్టె వేడికి మైనపు కడ్డీ కరిగి చుక్కలు చుక్కలుగా అడుగు మీద పడుతుంటే ఆ సుఖమే వేరు. చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకేస్తారు. పైన కనిపించేదంతా పోవాలి, రంధ్రాల్లోకి ఇంకిందే మిగలాలి. అది అయిపోయాక ఆకాశం కేసి చూడ్డమే పని. మధ్యధరా సముద్రం వైపు పుట్టిన వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనే వాతావరణ అలజడి ఇరాన్, అఫ్గానిస్తాన్ల మీదుగా వచ్చి హిమాలయాన్ని కొడితే మంచు, లేకపోతే లేదు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఔలీలో మంచు తయారుచేసే యంత్రాలు పెట్టారు. యంత్రం కూడా చలి ఉంటేనే మంచు చేస్తుంది. అంత చలి ఉన్నచోట ఆకాశమే ఆ పని చేసిపెట్టాలని అందరి ఆశ.

పడిన రోజు కథ వేరు. తెల్లవారుజామున కొట్టు రేకుల మీద పేరుకున్నదంతా గుభీమని జారి నేలన పడుతుంది. కొట్టాయనకు అదే అలారం. తలుపు తోస్తే రాదు, లోపలి నుంచి భుజం పెట్టి నెట్టాలి. రోడ్డు మీద జీపుల టైర్లకు గొలుసులు చుడుతుంటారు. మ్యాగీ బండివాళ్లు పొయ్యి కన్నా ముందు పార అందుకుంటారు.

కొత్త మంచు పది సెంటీమీటర్లు కరిగిస్తే వచ్చేది సుమారు ఒక సెంటీమీటరు నీళ్లు. మిగతాదంతా గాలి. ఆ గాలి మీద తేలడం కోసమే డబ్బున్నవాళ్లు వెడల్పాటి స్కీలు భుజాన వేసుకుని గుల్మార్గ్ పోయి, గొండోలా ఎక్కి, దాదాపు 4,000 మీటర్ల అఫర్వత్ మీద దిగుతారు. నాలాంటి సన్న నడుముదానికి ఆ మంచు పనికిరాదు, ముక్కు కూరుకుపోతుంది. అందుకని ఔలీలో కొత్తవాళ్ల మొదటి పాఠం జారడం కాదు, తొక్కడం. వాలుకు అడ్డంగా వరసలో నిలబెట్టి, పక్క అడుగులు వేయిస్తూ కింది నుంచి పై దాకా మంచును అణగదొక్కిస్తారు. చలిలో చెమటలు పడతాయి. పెద్ద రిసార్టుల్లో రాత్రికి రాత్రి యంత్రం చదును చేసిన వాలు మీదికి పొద్దున్నే కాఫీ తాగి దిగేవాళ్లకు ఈ భాగ్యం లేదు. తన కాళ్ల కింద మంచు ఎంత లోతుందో, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ గుల్లగా ఉందో తెలిసినవాడు తర్వాత నిలకడగా జారతాడు. నేర్చుకోవడానికి చిన్న కొండే మేలని నేను అనేది అందుకే.

అలా మంచు తొక్కిన బ్యాచిలో వచ్చాడు మావాడు. ఇస్కపల్లి ఉప్పు కొఠారు రైతు కొడుకు. మంచు పిచ్చి వీడికి ఎట్టా పట్టిందంటే, అది మల్లి మస్తాన్‌బాబు చలవ. నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో పుట్టి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కినవాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో పోయాడు. ఏప్రిల్‌లో ఆయన భౌతికకాయం పెన్న ఒడ్డుకు తిరిగొచ్చిన రోజు మావాడు స్కూలు పిల్లాడు, వాళ్ల నాయన మోపెడ్ వెనక కూర్చుని పోయి చూశాడట. ఎవరెస్టు అంటే డబ్బు కావాలి, ఔలీకి జీటీ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్టు చాలు.

నా మీద వాడు మొదటిసారి ఎక్కినప్పుడు బూటు దగ్గరే పేచీ. నెల్లూరు కోస్తా పాదం చెప్పుల్లో విచ్చుకున్న పాదం, వేళ్ల దగ్గర వెడల్పు. వేళ్లకు సుఖంగా ఉండాలని ఒక సైజు పెద్ద బూటు ఇచ్చారు. దాంతో లోపల మడమ లేస్తోంది. మడమ లేస్తే వాడి మాట నాకు అందదు. వాడు ఎడమకు తిప్పమంటే నాకు అది గొణుగుడులా వినిపిస్తుంది, అంతే. మర్నాడు చిన్న బూటు అడిగి, పై బకిళ్లు బిగించి, కింది బకిలు వదులుగా పెట్టుకున్నాడు. అప్పుడు కుదిరాం.

“ఘుట్నే మోడో, భాయ్, ఘుట్నే!” అని గఢ్వాలీ మాస్టారు అందరి మీదా అరుస్తున్నాడు, మోకాళ్లు వంచమని. మావాడి మీద అరవాల్సిన పని పడలేదు. పాలెం కుర్రాళ్లతో తెప్ప మీద అల దాటినవాడు వాడు. తెప్ప మీద మోకాలు బిగబట్టిన మనిషి నీళ్లలో ఉంటాడు. ఢిల్లీ కుర్రాళ్లు వెల్లకిలా పడుతుంటే వీడు మెత్తగా కూర్చున్నట్టు జారిపోయాడు. చిక్కల్లా ఆగడం దగ్గరే. ముక్కులు దగ్గరికి, తోకలు దూరంగా పెట్టి లోపలి అంచులు నొక్కాలి. అలకు బ్రేకు ఉండదు కాబట్టి ఆ సంగతి వాడి ఒంటికి తెలియదు. వాలంతా దిగి, తాడు దాటి, మ్యాగీ బండి ముందున్న బెంచీ దాకా పోయి, దాన్ని పట్టుకుని ఆగాడు. బండాయన గుడ్డు వేయమంటారా అని అడిగాడు.

2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్ల గోడలు నెర్రెలిచ్చాయి. నేల కుంగుతోందని జనాన్ని ఖాళీ చేయించారు, అక్కడి నుంచి ఔలీకి పోయే దాదాపు నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆగిపోయింది. ఆ ఫిబ్రవరిలో ఔలీలో జరగాల్సిన అంతర్జాతీయ స్కీ పోటీలు మంచు చాలక రద్దయ్యాయి. బేరాల్లేని ఆ సీజను చివర్లో కొట్టాయన అరిగిన సరుకంతా వదిలించుకున్నాడు. మళ్లీ వచ్చిన మావాడు మమ్మల్ని పాత సామాను ధరకు కొని, తువ్వాలు చుట్టి, రైల్లో కింది బెర్తు కింద తోశాడు. రెండు రోజుల పాటు మా ముక్కులు నడవలోకి పొడుచుకొచ్చి వచ్చేపోయే కాళ్లకు తగులుతూనే ఉన్నాయి. భోపాల్‌లో ఎక్కిన ఒకావిడ మమ్మల్ని మంచం కోళ్లనుకుంది. టీసీ గారు వంగి చూసి “ఏంటివి?” అన్నాడు. చెప్పాక “నెల్లూరులో వీటితో ఏం చేస్తావ్?” అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను ఆ టైంలో.

ఇస్కపల్లి చేరాక షెడ్డు తలుపులోంచి తెల్లటి కుప్పలు వరసగా కనిపించగానే నా తోడుదానికి ప్రాణం లేచొచ్చింది. మావాడికీ ఆగలేదు. మమ్మల్ని ఉప్పు కుప్ప మీద పెట్టి ఎక్కాడు. ఉప్పు కళ్లు కరకరమన్నాయి, అడుగు గీరుకుపోయింది, అంగుళం కదల్లేదు. ఆ తర్వాత దిబ్బల ఇసక మీద పిల్లలు తాడు కట్టి లాగారు. అదీ అంతే. మంచు మీద మేం జారేది మా గొప్ప కాదు. రాపిడి వేడికి మంచు పైపొర కంటికి కనిపించనంత పల్చగా కరిగి నీటి పొర అవుతుంది. ఇసక కరగదు, ఉప్పు కరగాలంటే దానికి నీళ్లు పోయాలి.

అయినా ఉప్పుకూ మాకూ చుట్టరికం ఉంది. పోటీల రోజున ఎండెక్కి మంచు మెత్తబడితే వాలు మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలినచోట కొంత మంచు కరుగుతుంది, ఆ కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న తడి మంచు నుంచి లాక్కుంటుంది, దాంతో అది గట్టిపడుతుంది. 2014లో రష్యాలోని సోచి ఒలింపిక్స్‌లో వేడి ఎక్కువై, సరైన ఉప్పు చాలక, స్విట్జర్లాండ్ నుంచి విమానంలో టన్నుల కొద్దీ తెప్పించారు. సన్న ఉప్పు పైపైనే కరిగిపోతుంది, పెద్ద కళ్లున్న ఉప్పే లోతుకు దిగుతుంది. ఇది మావాడు ఒక రాత్రి వాళ్ల నాయనకు చెప్పాడు.

“కుల్ఫీ బండోడు ఐసులో ఉప్పెయ్యడా నాయనా, అట్టాంటిదే.”

పెద్దాయన చుట్ట ఆర్పి, “మన కళ్లుప్పు ఇమానం ఎక్కాల్సిన సరుకేగదా అయితే” అన్నాడు. ఆ నెల దళారి చెప్పిన రేటు గుర్తొచ్చిందేమో, ఇంకేమీ అనలేదు.

ఇక్కడి చూపూ ఆకాశం మీదే. అక్కడ పడాలని చూస్తారు, ఇక్కడ పడకూడదని. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతూ నెల్లూరు కోస్తాను ముంచెత్తింది. కుప్పల మీద తాటాకులు, పట్టలు కప్పి రాళ్లు పెట్టారు. షెడ్డులోకి నీళ్లొస్తే మమ్మల్ని పైమేకులకు మార్చారు. స్విట్జర్లాండ్‌లోని డావోస్‌లో చలికాలం మంచును కుప్పపోసి, పైన రంపపు పొట్టు కప్పి, వేసవంతా దాచి, సీజను మొదట్లో మళ్లీ పరుస్తారు. తాటాకు కప్పే ఈ చేతులకు ఆ పని ఒక పూటలో వచ్చేస్తుంది.

నెల్లూరులో వాన వెలిసి, మడుల్లో కొత్త నీళ్లు పెట్టే వేళకు హిమాలయాల్లో మంచు మొదలవ్వాలి. 2024 జనవరిలో అవ్వలేదు. గుల్మార్గ్ వాలులు నెలాఖరు దాకా గోధుమరంగు గడ్డితో ఉండిపోయాయి. మావాడు ఔలీ మాస్టారికి రోజు మార్చి రోజు ఫోను. “భయ్యా, బరఫ్?” ఇటు నుంచి ఇంతే. అటు నుంచి ఏం వచ్చేదో గానీ, ఫోను జేబులో పెట్టుకుని మడిలోకి దిగి గొర్రు లాగేవాడు. ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున ఫోను అటు నుంచే వచ్చింది. బ్యాగు తీశాడు.

“ఈటిని ఎత్తకపోవా?” అని పెద్దాయన మా వైపు చూపించాడు.

“తుప్పుబట్టినాయి నాయనా. ఆడ అద్దెకిస్తారులే.”

నిజమే, మా అంచులకు ఇప్పుడు మంచు కోసే పదును లేదు, బూటును పట్టి ఉంచే బైండింగు స్ప్రింగు ఎప్పుడు వదులుతుందో ఎప్పుడు పట్టేస్తుందో నాకే తెలీదు. అలాంటి దాని మీద ఎక్కితే మోకాలు పోతుంది. కొత్తవి ఏవి ఇచ్చినా ఫరవాలేదు, బూటు దగ్గర మాత్రం మొహమాటపడి పెద్ద సైజు తీసుకోకుండా ఉంటే చాలు. వాడు బస్సెక్కాక పెద్దాయన షెడ్డులోకొచ్చి, నా తోడుదాని బైండింగును అటూ ఇటూ తిప్పి చూసి, దానికి తాటాకులు కొట్టే కత్తి తగిలించాడు. నా దానికి ఇంకా ఏమీ తగిలించలేదు.