వంశవృక్షం చిన్నాయన

సిరుగుప్పలో పెళ్ళిభోజనానికి కూర్చునేముందు పక్క ఆకు ఎవరిదో చూసుకోవాలి. వంశవృక్షం చిన్నాయనదైతే పప్పన్నం దాటేలోపు మన ఇంటిపేరు, గోత్రం, అవ్వ పుట్టినూరు బయటికొచ్చేస్తాయి. పెరుగన్నానికల్లా ఆయన మనకు చుట్టమైపోతాడు. ఇలాంటివాళ్ళు ఏ ఊళ్ళో అయినా ఒకరుంటారు. మా దగ్గర వీధికొకరున్నారు. రిటైరైన మేష్టరో, బ్యాంకు గుమాస్తానో, రైసుమిల్లు కొడుకులకు అప్పగించి ఖాళీగా ఉన్న పెద్దమనిషో. చంకలో ప్లాస్టిక్ సంచి, దాంట్లో ఎన్నో మడతలు పెట్టిన డ్రాయింగు షీటు. మడతల దగ్గర ముత్తాతలు అరిగిపోయి ఉంటారు. అక్కడ సెల్లోటేపు.

"ఏమబ్బీ, మీవాళ్ళు యాడోళ్ళు?" అన్నదే ఆయన పలకరింపు. నోరుజారి "ఆదోని సైడు" అన్నామా, కథ 1953 అక్టోబరు 1న మొదలవుతుంది. ఆంధ్రరాష్ట్రం పుట్టిన ఆ రోజే బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, సిరుగుప్ప మైసూరుకొచ్చింది. "కోసింది జిల్లాను కాదప్పా, మా వంశాన్ని!" అంటాడు చిన్నాయన. వెతికేవాడికి ఆ బాధ నిజమైనదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటి కాగితాలు ఇంగ్లీషు, తెలుగు, కన్నడాల్లో దొరుకుతాయి. తుంగభద్ర దాటి సింధనూరు వైపు పిల్లనిచ్చుంటే మాత్రం అంతే సంగతులు: 1948 దాకా అది నిజాం రాజ్యం. "మా ముత్తవ్వ పుట్టింట్లో తెలుగే. ఏరు దాటి కాపురానికి పోయింది, ఉర్దూ అయిపోయింది. ఇప్పుడు చదివిపెట్టేవాడు దొరకడంలేదు" అని వాపోతాడు.

ఒకప్పుడు ఈ వెతుకులాటే లేదు. చరిత్రే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది. ఇంటింటికీ వంశం చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు: కన్నడవాళ్ళకు హెళవరు, తెలుగువాళ్ళకు పిచ్చుగుంట్లవారు. పంట ఇంటికొచ్చాక హెళవడు ఎద్దుమీద ఊళ్ళోకి దిగేవాడు. వాకిట్లో నిలబడి మూలపురుషుడి దగ్గర ఎత్తుకుంటే, ఎవరి కొడుకు ఎవరు, ఏ ఊరినుంచి ఎందుకు లేచొచ్చారు, ఇంటి దేవుడెవరు, అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పుకొచ్చేవాడు. కిందటిసారి వచ్చిపోయాక పుట్టిన పిల్లల్ని అడిగి కలుపుకొని, వడ్లు, బట్టలు, కలిగినవాళ్ళయితే ఓ దూడ పట్టించుకొని పోయేవాడు. ఇంటివాళ్ళు చేయాల్సిందల్లా పిల్లల్ని కనడం, వడ్లు కొలవడం. క్యాంపుల్లో ఉండే కోస్తావాళ్ళను చూస్తే చిన్నాయనకు అందుకే జాలి. తుంగభద్ర కాలువల కింద సేద్యానికని గుంటూరు, గోదావరి వైపునుంచి వచ్చినవాళ్ళు వాళ్ళు. "భూములు కొన్నారు, ట్రాక్టర్లు తెచ్చుకున్నారు. పొగిడేవాణ్ణి మాత్రం ఊళ్ళోనే మరిచొచ్చినారు పాపం!"

తర్వాతి మజిలీ తీర్థయాత్ర. ఆయన గయకు పోయింది పిండం పెట్టడానికి కాదని పిన్నమ్మ గట్టిగా నమ్ముతుంది. తీర్థపురోహితుడైన పండా చిట్టాలో తాతగారి చేవ్రాలు కనబడగానే తర్పణం మధ్యలో వదిలేసి ఫొటో తీశాడట. హరిద్వారం పండాల బహీలను అమెరికాలోని యూటావాళ్ళు 1977 నుంచి మైక్రోఫిల్ము తీసిపెట్టారని తెలిసిన రాత్రి ఆయనకు నిద్రలేదు. ఆ చిట్టాల్లో ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళేనని ఎవరో చెబితే, "మనోడొకడు దారితప్పి పోయుండడా?" అన్నాడు.

ఆయన పరిశోధనను అసలు మలుపు తిప్పింది మాత్రం నాడకచేరి, అంటే రెవెన్యూ ఆఫీసు. కర్ణాటకలో తండ్రి పోయాక పొలం పిల్లల పేరిట మారాలంటే పౌతి ఖాతా చేయించాలి, దానికి వంశవృక్షం దాఖలా కావాలి. చిన్నాయన తన డ్రాయింగు షీటు గర్వంగా బల్లమీద పరిచాడు. విలేజ్ అకౌంటెంటు రాయలకాలాన్ని వేలితో పక్కకు నెట్టి, అడుగున చూసి, "ఆడపిల్లలేరి?" అన్నాడు. పదమూడు తరాల్లో ఒక్క ఆడపిల్లా లేదు! హెళవడు చెప్పిందీ, తాత రాసిందీ, ఈయన దిద్దిందీ అంతా కొడుకుల వరసే. ఇన్ని తరాలవాళ్ళు ఎవరి కడుపున పుట్టారన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు కర్ణాటకలో 1994లోనే వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఇక తప్పుతుందా? చెట్టుకు కొత్త కొమ్మలు మొలిచాయి. కొమ్మ కొమ్మకూ ఒక సంతకం కావాలి. కొప్పళలో ఒకరు, హైదరాబాదులో ఒకరు, అలిగి మాట్లాడని మేనత్త ఒకరు. మా ప్రాంతంలో ఆడవాళ్ళ చరిత్రకు నాడకచేరి చేసినంత సేవ ఏ యూనివర్సిటీ చేయలేదని నా అభిప్రాయం.

ఇప్పుడాయన ఫోనులోకి మారాడు. యాప్‌లో చెట్టు, వాట్సాప్‌లో గ్రూపు. అమెరికాలో ఉన్న మేనల్లుడు డీఎన్ఏ పరీక్షకని గొట్టంలో ఉమ్మి పంపితే, మూలాలు దక్షిణ భారతదేశంలో ఉన్నాయని రిపోర్టు వచ్చింది. "ఈమాత్రం చెప్పడానికి ఉమ్మెందుకురా, నన్నడిగితే సరిపోదా?" అన్నాడు చిన్నాయన.

సాధనాలెన్ని మారినా కోరిక ఒక్కటే: చెట్టు మొదట్లో ఒక సేనాపతి కావాలి. హంపి దగ్గరే కాబట్టి రాయలవారి సేనాపతులకు మాకు కొరతలేదు. మా తాలూకా వంశవృక్షాల్లోని సేనాపతులంతా నిజంగా వెళ్ళుంటే 1565లో తళ్ళికోట యుద్ధం మనమే గెలిచుండాలి.

మొన్న కోతలయ్యాక హెళవడు వచ్చాడు, ఈసారి బైకుమీద. చిన్నాయన కుర్చీ వేయించి, ఫోను రికార్డింగులో పెట్టి, గ్రూపునంతా హెచ్చరించాడు. హెళవడు పుస్తకం తెరిచాడు. మూలపురుషుడు ధాతు కరువులో, అంటే 1876లో, తిండిలేక రెండెద్దులు తోలుకొని ఆదోని వైపునుంచి ఈ ఊరు చేరాడట. సేనా లేదు, పతీ లేదు.

చిన్నాయన గొంతు తగ్గించి, "కరువనే చోట దండయాత్ర అని సదువప్పా. రెండు బస్తాల సోనామసూరి ఏపిస్తా" అన్నాడు.

"బస్తాలు ఏపించు సామీ. కరువు మాత్రం కరువే."

చేసేదిలేక యాప్‌లో వృత్తి అన్న గడిలో "వృషభదళాధిపతి" అని నింపి గ్రూపులో పెట్టాడు. కాసేపటికే ఆదోని శాఖనుంచి జవాబొచ్చింది: "ఆ ఎద్దులు మా తాతవి. మీ తాత అడిగి తోలుకపోయి తిరిగియ్యలేదు."