జిల్లేడు గింజలున్నాయా అన్నా?

తెలుగు ఊళ్ళల్లో ఏ విత్తనాల కొట్టు బోర్డు చూసినా మూడు మాటలు కలిసే ఉంటాయి: ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు. మేడ మీద సీతాకోకచిలుకల తోట వేద్దామని బయల్దేరిన పెద్దమనిషికి చిక్కంతా ఆ బోర్డు కిందే మొదలవుతుంది. ఆయనకి కావలసింది రెండో మాట. అదీ, మూడో మాట ఎవరి ప్రాణం తీస్తుందో ఆ పురుగు కడుపు నింపడానికి.

"ఎన్నెకరాలు సార్?" అంటాడు కొట్టు కుర్రాడు.

"రెండు కుండీలు."

కుర్రాడు ఒకసారి ఎగాదిగా చూస్తాడు. బేరం చిన్నదైనా మర్యాద తెలిసినవాడు కనక స్టూలు లాగి వేస్తాడు. "ఏం గింజలు కావాలి?"

"జిల్లేడు గింజలున్నాయా అన్నా?"

"జిల్లేడు చావడానికి మందుంది సార్. మొలవడానికి లేదు."

అలాగని కొట్టు నుంచి ఉత్త చేతులతో ఎవరూ రారు. రంగు రంగుల బొమ్మలున్న పొట్లాలు నాలుగైనా జేబులో పడతాయి. బంతి, జినియా, కాస్మోస్. మూడింటికీ పుట్టిల్లు మెక్సికో. వాటి మీద సీతాకోకచిలుకలు వాలతాయి, కాదనేది లేదు. అందులోనూ ముద్దబంతి కంటే ఒంటి రేకల బంతి నయం. ముద్దబంతిలో రేకుల గుబురు దాటుకుని తేనె అందుకోవడం వాటికి కష్టం. కానీ ఇవన్నీ వచ్చేపోయే అతిథులకిచ్చే కాఫీ ఏర్పాట్లే. తాగుతాయి, వెళ్ళిపోతాయి. కాపురం పెట్టాలంటే పిల్లలకి తిండి కావాలి. ఆ తిండి పువ్వు కాదు, ఆకు. అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు కాదు. ఆడ సీతాకోకచిలుక ఆకు మీద వాలి కాళ్ళతో తట్టి రుచి చూస్తుంది. తన పిల్లలు తినే ఆకని తేలితేనే గుడ్డు పెడుతుంది, లేకపోతే లేచిపోతుంది. దేశంలో తొలి సీతాకోకచిలుకల పార్కుగా పేరుపడ్డ బన్నేరుఘట్ట పార్కుని 2006లో తెరిచారు. అలాంటి చోట్ల కూడా పూల మొక్కలతో పాటు పురుగులు తినే మొక్కల్నీ పనిగట్టుకుని పెంచాల్సిందే.

ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక సంగతే చూడండి. దాని పురుగుకి జిల్లేడాకు పంచభక్ష్య పరమాన్నం. ఒంటినిండా నలుపు తెలుపు పట్టీలు, మధ్య మధ్య పసుపు చుక్కలు, వీపు మీద మూడు జతల నల్లటి తంతువులు. మనిషి కంట్లో పడితే మంట పుట్టించే జిల్లేడు పాలు దానికి కవచం. ఆ విషం ఒంట్లో దాచుకుంటుంది గనక పిట్టలు ముట్టవు. ఇంత ఘనమైన మొక్క గింజలు ఏ కొట్లోనూ లేకపోవడానికి కారణం ఒక్కటే, అది ప్రతి పాడుపడ్డ గోడ పక్కనా ఊరికే మొలుస్తుంది. ఊరికే వచ్చేదానికి పొట్లం కట్టే వ్యాపారి ఇంకా పుట్టలేదు.

కరివేపాకు సంగతి వేరు. అది అందరి పెరట్లోనూ ఉంటుంది, అందుకే కొంపలంటుకునేదీ అక్కడే. లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ రెండూ నిమ్మజాతి ఆకుల మీదా, కరివేపాకు మీదా గుడ్లు పెడతాయి. పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పెద్దదయ్యాక పచ్చబడి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటి చీలిక బయటికి తోసి ఘాటు వాసన కొడుతుంది. ఇంటావిడ దగ్గర ఈ బెదిరింపులేవీ సాగవు.

"పోపులోకి నాలుగు రెబ్బలు లేవు గానీ, మీ పురుగుల బారసాలకి చెట్టంతా కావాలా?"

"అలా అనకే. మహారాష్ట్ర వాళ్ళు 2015లో బ్లూ మార్మన్‌ని రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించారు. దాని పిల్లలు తినేదీ నిమ్మజాతి ఆకులే. దాని దాయాదుల్ని నువ్వు చీపురుతో దులిపేస్తున్నావు."

"అయితే మహారాష్ట్ర పంపించండి."

ఇంటాయన రెండో కరివేపాకు చెట్టు కోసం గింజలు వెతుకుతాడు. ఇక్కడా పొట్లాలు పనికిరావు. కరివేపాకు గింజ ఎండితే చచ్చిపోతుంది, కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. నల్లగా పండిన పండు చెట్టు మీదే కోసి, గుజ్జు కడిగి, వెంటనే నాటాలి. పిగిలిపిట్టల కంటే ముందు కోయాలి, అదీ అసలు కష్టం.

ఇన్ని తిప్పలూ పడ్డాక అర్థమయ్యేదేమిటంటే, ఈ తోటకి కావలసిన మొక్కల జాబితా ప్రతి తెలుగింట్లోనూ ఎప్పటినుంచో అచ్చులో ఉంది, వినాయకచవితి వ్రతకల్పంలో. 21 పత్రుల్లో బిల్వం అంటే మారేడు, లైమ్ బటర్‌ఫ్లై తింటుంది. బదరి అంటే రేగు, కామన్ పియరో అనే చుక్కల చిన్నదానికి ఇల్లు. చూతం అంటే మామిడి, కామన్ బారన్ పురుగు దాని ఆకు మీద కనపడకుండా పడుకుంటుంది. కరవీరం అంటే గన్నేరు, కామన్ క్రో దాని ఆకుకి వెండి పూత పూసినట్టు మెరిసే గూడు వేలాడదీస్తుంది. ఇక చివర వచ్చే అర్కపత్రం సాక్షాత్తూ జిల్లేడే. స్వామివారికి ఏటా భోజనపు పట్టిక చదువుతున్నామనుకున్నాం గానీ అందులో సీతాకోకచిలుకలకీ విస్తళ్ళు వేశారన్నమాట.

కాబట్టి అడగాల్సింది విత్తనాల కొట్లో కాదు, చవితి ముందురోజు రోడ్డుపక్క గోనెపట్టా పరిచి పత్రి అమ్మే ఆమెని. ఏ చెట్టు ఏ గోడ వెనక ఉందో, ఎప్పుడు కాస్తుందో ఆమెకి కంఠతా వచ్చు.

"గింజలకు పైసలెవరిస్తరు సారూ? ఎండలు ముదరనియ్యి. ఆ కాలువ గట్టు మీద జిల్లేడు కాయలు పగులుతయ్. పగలకముందే పో, పగిలినంక గాలికి పోతయ్."

అంతకు మించిన సలహా ఏ పుస్తకంలోనూ దొరకదు. జిల్లేడు కాయ పిగిలేముందు దారం చుట్టి ఉంచితే దూది ఎగరదు, గింజలు చేతికొస్తాయి. తంగేడుకి ఇంకో తంటా. తెలంగాణ రాష్ట్ర పుష్పం అదే, ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకల పిల్లలకి తిండీ అదే. కానీ బతుకమ్మ నాటికి గుట్టల మీద పూలన్నీ తాంబాళాలకెక్కితే ఇక కాయలెక్కడివి? ఎత్తున చేతికందని కొమ్మలకి మిగిలినవే గతి. ఆ గింజ పెంకు గట్టిది. వేడినీళ్ళలో రాత్రంతా నానబెడితే గానీ కదలదు.

అన్నిటికంటే గడుసుది ఈశ్వరి తీగ. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ పురుగులకి ఈ జాతి తీగలు తప్ప గతి లేదు. దాని కాయ ఎండాక తొడిమ వైపు నుంచి ఆరు తాళ్ళుగా చీలి, తలకిందులుగా ఉట్టిలా వేలాడుతుంది. అందులో పలచటి రెక్కల గింజలు దొంతులుగా పేర్చి ఉంటాయి. గాలి ఊపితే ఒక్కొక్కటే రాలుతుంది. తీగ కనపడ్డా కాయ ఉండదు, కాయ కనపడితే ఉట్టి అప్పటికే ఖాళీ. నాటువైద్యం పేరుతో దీన్ని నోట పెట్టకూడదు, కిడ్నీలు పోతాయి. పురుగులకి మాత్రం అదే ఆరోగ్యం.

డాలస్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఈ గింజల వేట ఫ్రిజ్ దాకా వచ్చింది. టెక్సాస్ మీదుగా ఏటా వచ్చిపోయే మొనార్క్ పిల్లలు మిల్క్‌వీడ్ ఆకులే తింటాయి. అక్కడి సొంత రకాల గింజలు చాలావాటికి చలికాలం గడిచిందన్న నమ్మకం కుదిరితేనే గాని మొలకెత్తవు. అందుకని తడి కాగితంలో చుట్టి నెలరోజులు ఫ్రిజ్‌లో పెట్టాలి. దోసెల పిండికీ గోంగూర పచ్చడికీ మధ్య ఆ పొట్లం ఏమిటో తెలియక, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు పోపులో వేసెయ్యకుండా కాపలా కాయడం అల్లుడి పని.

ఇక మేడ మీద చివరగా వచ్చి చేరింది గంగవాయిలి. గింజలు ఆవాల కంటే సన్నం. మట్టి మీద చల్లితే చాలు. డెనాయిడ్ ఎగ్‌ఫ్లై పిల్లలకి ఈ కూరంటే ప్రాణం. ఆ జాతి ఆడది పిట్టల్ని మోసగించడానికి అచ్చం ప్లెయిన్ టైగర్ వేషం కట్టుకు తిరుగుతుంది. తెలుగువాళ్ళకీ గంగవాయిలి పప్పంటే ప్రాణమే కాబట్టి ఇంట్లో రాజీ కుదిరింది: ఒక కుండీ పప్పుకి, ఒక కుండీ పురుగులకి. ఇంటావిడ రెండింటికీ చీటీలు అంటించింది. గుడ్లన్నీ పప్పు కుండీలోనే పడ్డాయి.

ఆ వారం ఇంట్లో టమాటా పప్పు.