కాశీరత్నానికి గేటు వదిలేయండి

కాశీరత్నం పెంచాలనుకునేవారు ముందుగా చేయాల్సింది ఇంటి గేటు వదులుకోవడం. రెండు రెక్కల గేటయితే ఒక రెక్క, లేదంటే వరండా గ్రిల్లు. ఆషాఢంలో అప్పగించారంటే సంక్రాంతి దాకా దాన్ని తెరవకూడదు. స్కూటరు లోపలికి రాదంటారా, బయటే పెట్టుకోండి. విజయవాడలో సత్యనారాయణపురం, గవర్నరుపేట సందుల్లో స్థలం లేనివారు డాబా మీది బట్టల తాడు ఇచ్చేయండి. బట్టలు కుర్చీల మీదైనా ఆరతాయి, ఈ తీగకు తాడు కావాలి.

చాలామంది దీన్ని గోడకు పాకించమంటారు. అది పాకదు. దీనికి నులితీగలు లేవు, గోడను పట్టుకునే వేళ్లూ లేవు. ఉన్నదల్లా దారంలాంటి కాండం, సన్నగా ఏది దొరికితే దాని చుట్టూ తిరిగి పైకి పోవడమే దానికి తెలుసు. లావుపాటి స్తంభం, నున్నటి గోడ దానికి పనికిరావు. గేటు ఊచ, పురికొస, కొబ్బరితాడు సరిగ్గా సరిపోతాయి. పైనుంచి చూస్తే ఎప్పుడూ అప్రదక్షిణంగానే చుట్టుకుంటుంది. ఎక్కే తీగల ఈ కదలికల మీద డార్విన్ 1865లో పెద్ద వ్యాసమే రాశాడు, 1875లో అది పుస్తకంగా వచ్చింది. కాబట్టి ముచ్చటపడి మీరు చేత్తో చుట్టకండి. ఎదురు దిక్కులో చుట్టారంటే తీగ ఆ చుట్టు విప్పుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

మట్టి విషయంలో నా మాట మన ప్రాంతంలో ఎవరికీ రుచించదు. కృష్ణ ఒండ్రు దీనికి వద్దు. బందరు కాలువ పూడిక తీసినప్పుడు ఆ మట్టి కోసం పోటీపడే ఊళ్లు మనవి. దాన్ని అరటికి, వంగకు వేసుకోండి. కాశీరత్నానికి సగానికి సగం ఇసుక కలిపిన పేదమట్టి చాలు. వానాకాలంలో నీళ్లు నిలిచే బంకమట్టిలో వేరు కుళ్లుతుంది. బలమైన మట్టిలో, అందులోనూ యూరియా పడితే, తీగ ఇల్లంతా కమ్ముకుంటుంది, పువ్వు మాత్రం కనపడదు. నత్రజని ఎక్కువైతే ఈ తీగ ఆకులోనే ఆగిపోతుంది. వర్మీకంపోస్టు కూడా వద్దు. ప్రేమ కొద్దీ పెట్టే ప్రతి పిడికెడూ కొన్ని పూలను తగ్గిస్తుంది.

నర్సరీకి వెళ్లకండి. వేరు కదిలితే దీనికి గిట్టదు, కవరులోంచి తీసి నాటిన మొక్క కోలుకోవడానికే కాలం సరిపోతుంది. పక్కింటి పిన్నిగారి గేటు మీద ఎండిన కాయలుంటే అడిగి తెచ్చుకోండి. ఒక్కో కాయలో నాలుగు దాకా నల్లటి గింజలుంటాయి. గట్టి పెంకు, ఉప్పుకాగితం మీద కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టి, తొలకరి పడగానే గేటు మొదట్లోనే గుచ్చండి. మొదటి రెండు ఆకులు తర్వాత వచ్చే ఈకల్లాంటి ఆకుల్లా ఉండవు, చివర లోతుగా చీలి రెండు కొమ్ముల్లా ఉంటాయి. కలుపనుకుని పీకేస్తారు. వాకిలి ఊడ్చే ఆమెకు ముందే చెప్పి ఉంచండి, చంటిపిల్లలు గింజలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

పువ్వు వచ్చాక రోజువారీ లెక్కలు మార్చుకోవాలి. తెల్లవారుతూనే విచ్చుకున్న ఎర్ర నక్షత్రం మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. దసరాకు బొమ్మల కొలువు పెట్టేవారు పేరంటానికి సాయంత్రం పిలుస్తారు. ఉదయం ఏడింటికి పిలవండి. శనగలు అప్పుడైనా పంచవచ్చు. అమ్మవారికి మందారాలున్నాయి, వీటిని కోయకండి, కోస్తే నీళ్లలోనూ నిలవవు. అవి తేనెపిట్టలకు, సీతాకోకచిలుకలకు. ఉష్ణమండల అమెరికాలో పుట్టిన తీగ ఇది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పేరు పెట్టేనాటికే లోకం చుట్టడం మొదలుపెట్టింది. అక్కడ హమ్మింగ్‌బర్డులు ఈ ఎర్రటి గొట్టంలో ముక్కు పెట్టేవి. ఆ పిట్టలు మనకు లేవు, తేనెపిట్టలున్నాయి. గేటు దగ్గర అవి తిరుగుతుంటే గంట కొట్టిన అతిథిని కాసేపు బయటే నిలబెట్టినా తప్పులేదంటాను.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. కాలువగట్ల మీద, గుంటల్లో దట్టంగా అల్లుకున్న తూటికాడ దీనికి దగ్గరి బంధువు. అదీ అమెరికా నుంచి వచ్చిందే. కాశీరత్నం గింజ కూడా ఎక్కడ రాలితే అక్కడ మొలుస్తుంది. అందుకని సంక్రాంతికి తీగ ఎండాక మొదలు కోసి గేటు విడిపించేటప్పుడు, ఆ చెత్తను కాలువలోకో పొలంగట్టు మీదికో విసరకండి. కాయలు పగలకముందే కోసి కాగితంలో చుట్టి, అడిగినవారికి ఇవ్వండి. ఇచ్చేముందు వాళ్లింట్లో గేటెలా ఉందో కనుక్కోండి.